రెండు ముడుల సీసాలు

శ్యామలమ్మకు మనుషుల మీద నమ్మకం తక్కువ. పాలవాడు నీళ్లు కలుపుతాడని ఆమెకు తెలుసు. కలపని రోజున కూడా తెలుసు. తరాజు ముల్లు మీద కన్ను వేయకుండా ఆమె ఏనాడూ చక్కెర కొనలేదు. పెరట్లో కాసిన బీరకాయ చేదొస్తే, విత్తనమిచ్చిన ఆడబిడ్డ కావాలనే అలాంటిది ఏరి ఇచ్చిందని ఏడాదంతా చెప్పుకుంది. అలాంటి మనిషిని పట్టుకెళ్లి నీళ్ల కమిటీలో వేశారు కాలేజీ పిల్లలు. తప్పుపట్టడానికి లేదు, ఎంచుకోవడం సరైన మనిషినే ఎంచుకున్నారు. నీళ్లను అనుమానించడమేగా ఆ కమిటీ పని!

తొంభై ఎనిమిదిలో సంగతి ఇది. బోధన్ నుంచి వర్ని పోయే దారిలో, నిజాంసాగర్ పిల్లకాలువ ఊరిని రెండుగా చీల్చిన చోట వాళ్ల ఊరు. కాలువకు ఇవతల చెరకు, వరి, పసుపు పండించే ఇళ్లు. అవతల బీడీలు చుట్టుకుని బతికే ఇళ్లు, వాటి మధ్యన బడి. ఆ వానాకాలం రెండు వైపులా వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. బోధన్‌లో ఒక కాలేజీ సారు తన దగ్గర చదివే పిల్లలను ఊరికొకరిని పంపి తాగే నీళ్లు పరీక్ష చేయించడం మొదలుపెట్టాడు. ఈ ఊరి వంతుకు వచ్చినవాడు తుకారాం. సన్నగా, పొడుగ్గా, ఎవరేమన్నా నవ్వేసే రకం. సైకిల్ హ్యాండిల్‌కు సంచీ, సంచీ నిండా చిన్న చిన్న సీసాలు.

ఆ సీసాలో మందు పట్టించిన కాగితం ముక్క ఉంటుంది. నీళ్లు పోసి, మూత బిగించి, వెచ్చటి చోట ఒక రోజు ఉంచాలి. మలం కలిసిన నీళ్లయితే సీసా నల్లబడుతుంది. మంచి నీళ్లయితే ఉన్నట్టే ఉంటుంది. అంతే పరీక్ష. అక్షరం ముక్క రానివాళ్లకూ అర్థమవుతుంది. తుకారాంకు సాయంగా ఒక్కో వాడ నుంచి ఒక్కో ఆడమనిషిని పెట్టారు. ఇవతల వాడకు శ్యామలమ్మ, అవతల వాడకు సత్తవ్వ.

శ్యామలమ్మ వాకిట్లో బావి ఉంది. ఆమె మామ రాయి పగలగొట్టించి తవ్వించిన బావి. ఇవతల వాడ మొత్తం దాని నీళ్లే తాగుతుంది. ఆ సంగతి వాడవాళ్లు మరిచిపోకుండా శ్యామలమ్మ అప్పుడప్పుడూ గుర్తుచేస్తూ ఉండేది. సత్తవ్వ ఇంటి ముందు పాత చేతిపంపు ఒకటి ఉంది, వాళ్లు బోరింగు అంటారు. అవతల వాడకు అదే దిక్కు.

మంగళవారం పొద్దున్నే తుకారాం సైకిల్ గంట వినపడేది. ముందు శ్యామలమ్మ ఇంటికి. ఇంటికొచ్చిన మనిషిని బావి గచ్చు మీద నిలబెట్టి పని చేయించుకోవడం ఆ ఇంట్లో లేదు. "కూసో బిడ్డా" అని అరుగు మీద కూర్చోబెట్టి, కోడలు గంగామణితో చాయ పెట్టించి, సీసా తీసుకుని తానే లోపలికి వెళ్లి నింపి తెచ్చి చేతిలో పెట్టేది. నీళ్లు తానే స్వయంగా పట్టాలని సారు తుకారాంకు చెప్పి పంపాడు. కానీ ఆ చాయలో యాలకులు పడేవి. పక్కన సకినాలు కూడా ఉండేవి. వాడికి మొహమాటం.

అక్కణ్ణుంచి కాలువ దాటి సత్తవ్వ దగ్గరికి. పొద్దున పూట ఆ పంపు గొంతెండి ఉంటుంది, లోపల వాషరు అరిగిపోయింది. సత్తవ్వ గుమ్మం పక్క తొట్టిలోంచి ఒక చెంబు నీళ్లు ముంచి పంపు పైన పోసి, గట్టిగా నాలుగు దెబ్బలు కొడితే ధార దూకేది. ఆ ధారకే సీసా పట్టి, "ఇగో సారూ" అని ఇచ్చేసి మళ్లీ బీడీల చేట ముందు కూర్చునేది.

వారం వారం అదే తంతు, వారం వారం అదే ఫలితం. శ్యామలమ్మ సీసా తెల్లగా, సత్తవ్వ సీసా నల్లగా.

"నేను చెప్పలే? అవతలి నీళ్లు నోట్లె పోసుకునేటివి కావని ఎన్నేండ్ల సంది మొత్తుకుంటున్న?" అనేది శ్యామలమ్మ. నిజానికి ఎన్నడూ మొత్తుకోలేదు. కానీ ఇప్పుడు చెప్పుకోవడానికి సీసా సాక్ష్యం దొరికింది.

అలాంటి రోజుల్లో ఆమె మనవడు సాయిలుకు జబ్బు చేసింది. ఒకటో తరగతి పిల్లవాడు. పొద్దున బడికి పోయినవాడు మధ్యాహ్నానికి తోటకూర కాడలా వాడిపోయి వచ్చాడు. కక్కుడూ, బేదులూ. రాత్రికి కళ్లు లోపలికి పోయాయి. బోధన్ దవాఖానాలో సెలైన్ ఎక్కించి, పిల్లవాడు లేచి కూర్చున్నాక డాక్టరు కోప్పడ్డాడు. "పిల్లగాని పెయ్యిల ఏం మిగల్లేదు. మళ్లొక్కసారి గిట్లయితే నేను జిమ్మేదారు కాదు. నీళ్లు కాగవెట్టి తాగియ్యిండ్రి" అన్నాడు.

గంగామణి ఇంటికి రాగానే పొయ్యి మీద నీళ్లు పెట్టింది. రెండు మూడు రోజులు అలాగే కాచింది. శ్యామలమ్మ చూసి చూసి ఒకరోజు గిన్నె దింపేసింది.

"మన నీళ్లు తెల్లగున్నయని సీసనే చెప్తుంటె ఇంక కాగవెట్టుడేంది? కట్టెలు ఊకెనె వస్తున్నయా? పోరడు బడికాడ ఆ సత్తవ్వ బోరింగుల తాగుతున్నడు. రోగం ఆడ పెట్టుకోని ఈడ పొయ్యి రాజేస్తె ఏమొస్తది?"

"డాక్టర్ సాబ్ కాగవెట్టమన్నడు అత్తమ్మా" అంది గంగామణి.

"డాక్టర్ సాబ్ మన బాయి సూసిండా?"

గంగామణి పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగింది. ఆ ఇంట్లో మారుమాట్లాడి గెలిచినవాళ్లు లేరు, శ్యామలమ్మ మొగుడు ముత్తన్నతో సహా.

ఆ వారమే శ్యామలమ్మ పంచాయితీ ఆఫీసుకు పోయింది. నల్లబడ్డ సీసాను సర్పంచు ముందు టక్కున పెట్టింది. కమిటీ మనిషిగా చెబుతున్నానంది, మనవడి మాట చెప్పి ఏడ్చింది. ఏడుపు నిజమే. పిల్లవాడి కళ్లు లోతుకు పోయిన రాత్రి ఆమె ప్రాణం సగం పోయింది. సర్పంచు మనిషిని పంపి సత్తవ్వ పంపు హ్యాండిల్ ఊడదీయించాడు.

సత్తవ్వ ఆ పొద్దు కాలువ కల్వర్టు మీద నిలబడి ఇవతలి వాడంతా వినేలా అరిచింది. "ఇంట్ల కూసుండవెట్టి చాయ పోస్తె సీస తెల్లగుంటది! నాకాడ చాయ లేదు, అందుకే నల్లగయితున్నది! గా పోరడు పరీక్ష నీళ్లకు చేస్తున్నడా, చాయకు చేస్తున్నడా?"

జనం పకపకా నవ్వారు. తుకారాం మొహం కందగడ్డలా అయింది. ఆ తర్వాతి మంగళవారం శ్యామలమ్మ ఇంట్లో చాయ వద్దన్నాడు, కానీ సీసా మాత్రం ఎప్పటిలాగే అరుగు మీదే కూర్చుని అందించాడు.

పంపు పోయాక అవతల వాడవాళ్లు బిందెలు పట్టుకుని కల్వర్టు దాటి శ్యామలమ్మ బావికే రావలసి వచ్చింది. ఆమె కాదనలేదు. దాహానికి వచ్చినవాళ్లను వెళ్లగొట్టేంత గట్టి గుండె కాదు ఆమెది. కానీ చేంతాడు ముట్టనివ్వలేదు. తనో, గంగామణో తోడి, గచ్చు కింద పెట్టిన బిందెల్లోకి పైనుంచి పోసేవాళ్లు. సత్తవ్వ కూడా వచ్చేది. బిందె నిండేదాకా శ్యామలమ్మ మొహంలోకే చూస్తూ నిలబడేది. ఆ చూపు శ్యామలమ్మకు నచ్చలేదు.

కొన్నాళ్లకు సాయిలు మళ్లీ పడ్డాడు.

ఈసారి పిల్లవాడి తండ్రి, గంగామణి పరుగున బోధన్ బస్సెక్కారు. ముత్తన్న పొలానికి పోయాడు, శ్యామలమ్మ ఒక్కతే ఇంట్లో మిగిలింది. బావి గట్టున కూర్చుని ఆలోచించింది. పంపు బంద్. పిల్లవాడు అవతల చుక్క నీళ్లు తాగింది లేదు. తాగిందంతా ఈ ఇంటి నీళ్లే. ఈ నీళ్లేమో సీసా సాక్షిగా మంచివి. మరి?

మరేముంది, ఎవరో ఏదో చేశారు. ఎవరన్నది ఆలోచించాల్సిన పనే లేదు. బిందె నిండేదాకా మొహంలోకి చూస్తూ నిలబడిందెవరు? కొంగు చాటున ముడేసుకుని వచ్చిందెవరు? ఆ ముడిలో ఏముందో చూశారా ఎవరైనా? శ్యామలమ్మ చేంతాడు వాసన చూసింది. బొక్కెన బోర్లించి అడుగు చూసింది. బావిలోకి వంగి తన నీడ తనకే కనపడేదాకా చూసింది. ఏమీ దొరకలేదు. దొరక్కపోయేసరికి అనుమానం ఇంకా గట్టిపడింది.

సాయంత్రం సత్తవ్వ బిందెతో రాగానే కల్వర్టు మీదే అడ్డుపడింది.

"నా బాయిల ఏమేసినవే?"

సత్తవ్వ బిందె కింద పెట్టింది. "ఏమన్నవ్?"

"బోరింగు పోయిందని నా మనుమని మీద తీర్సుకుంటవా? పోరడు దవాఖానల సావు బతుకుల మీద ఉన్నడు!"

"తాడు ముట్టనిచ్చినవా నువ్వు నన్ను? గచ్చు ఎక్కనిచ్చినవా? గాలిల కెల్లి ఏస్తనా మందు?" సత్తవ్వ ఒక అడుగు ముందుకు వేసింది. "నాకూ పిల్లలున్నరు శ్యామలక్కా. పసిపోరనికి మందు వెట్టేదాని లెక్క కనవడుతున్ననా నీ కంటికి? నడువ్. అందరి ముందట పెడ్దాం పరీక్ష. నీ బాయి నీళ్లు నా కండ్ల ముందట తోడాలె. నా బోరింగు నీళ్లు నీ కండ్ల ముందట కొట్టాలె. నింపినంక సీసలు మాత్రం ఆ చాయ పోరని కాడ ఉండొద్దు."

శ్యామలమ్మ "పెట్టు" అంది. తన నీళ్ల సంగతి తనకు తెలియదా!

తుకారాంకు కబురు పెట్టారు. మరునాడు పొద్దెక్కాక సగం ఊరు కూడింది. ముందు బావి. సత్తవ్వ గచ్చు అంచున నిలబడి రెప్ప వేయకుండా చూస్తుంటే శ్యామలమ్మ బొక్కెన వేసి తోడింది. తుకారాం ఆ బొక్కెనలోంచే సీసా నింపాడు. తర్వాత పంపు. సర్పంచు మనిషి హ్యాండిల్ తెచ్చి బిగించాడు. ఎన్నాళ్లకో పంపు చూసిన ఆడవాళ్లు ఆగుతారా? "ముందుగాల మా బిందెలు నిండనియ్యిండ్రి, పరీక్ష ఏడికీ పోదు" అని ఒకరి వెనక ఒకరు కొట్టుకున్నారు. అందరి బిందెలూ నిండాక చివరన తుకారాం సీసా పట్టాడు.

సీసాలు ఎక్కడ పెట్టాలన్న దాని మీద మళ్లీ రభస. శ్యామలమ్మ ఇంట్లో వద్దు, సత్తవ్వ ఇంట్లో వద్దు, పంచాయితీ ఆఫీసులో అసలే వద్దు. చివరికి బస్సు ఆగే చోట చిన్నయ్య హోటల్‌లో పెట్టాలని తేలింది. పొయ్యి పైన గూడు, ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది. గూట్లో పెట్టేముందు తుకారాం మూతల మీద బావి, పంపు అని రాశాడు. శ్యామలమ్మ పసుపు రాసిన దారంతో రెండు సీసాల మెడలకూ మూతతో కలిపి ముడి వేసింది. సత్తవ్వ బీడీలు కట్టే ఎర్ర దారం తీసి రెంటికీ తన ముడి వేసింది. ఎవరి ముడి వాళ్లు తప్ప ఇంకొకరు విప్పి మళ్లీ వేయలేనట్టు వేశారు.

ఆ రోజంతా ఇద్దరూ హోటల్ బెంచీకి చెరో కొనన కూర్చున్నారు. ఒకరు లేస్తే ఇంకొకరు లేచారు. సత్తవ్వ చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టింది కానీ కన్ను గూటి మీదే ఉంది. "నా గిరాకీలన్న కూసోనియ్యిండ్రి తల్లీ" అని చిన్నయ్య మొత్తుకున్నాడు. చీకటి పడ్డాక అతని తలుపుకు అతని తాళం కాక ఇంకో రెండు తాళాలు పడ్డాయి.

మరునాడు చిన్నయ్య మూడు తాళాలూ తీయించి పొయ్యి రాజేసే వేళకు ఇద్దరూ గూటి కింద నిలబడ్డారు. తుకారాం చేయి పెట్టి సీసాలు దించి బల్ల మీద ఉంచాడు. పంపు సీసా నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. బావి సీసా నల్లగా ఉంది. బూడిద రంగు కూడా కాదు, కాటుక.



"మార్చింది!" అని శ్యామలమ్మ సీసా లాక్కుంది. "సీసలు మార్చిందిది! దొంగముండ!"

"ముడి సూడు" అంది సత్తవ్వ. అంతే అంది.

శ్యామలమ్మ చూసింది. తన పసుపు దారం, తన ముడి. రెండు సీసాలకూ బిగి సడలకుండా ఉంది. ఆ ముడి ఆమెనే చూస్తున్నట్టు ఉంది. అనుమానించడానికి ఇంకెవరైనా ఉన్నారా అని చుట్టూ చూసింది. చిన్నయ్యను చూసింది. తుకారాంను చూసింది.

అప్పుడే బోధన్ బస్సు వచ్చి ఆగింది. గంగామణి దిగింది, చంకలో సాయిలు. వెనక పిల్లవాడి తండ్రి మూట పట్టుకుని దిగాడు. పిల్లవాడి మెడ నిలబడటం లేదు. అవ్వను చూసి నవ్వబోయాడు.

"అవ్వా, దూపయితున్నది" అన్నాడు.

హోటల్లో అందరూ విన్నారు. శ్యామలమ్మ చేయి అలవాటుగా బల్ల మీది నీళ్ల చెంబు మీదికి పోయింది. ఆ చెంబులో నీళ్లు చిన్నయ్య రోజూ ఆమె బావి నుంచే తెచ్చుకుంటాడు. చేయి వెనక్కి తీసుకుంది.

తుకారాం ముందుకు వచ్చాడు. "పెద్దమ్మా, ఇన్ని దినాలు మీరు లోపలికి వోయి ఏ నీళ్లు నింపేది?"

"ఏ నీళ్లేంది? మా బాయి నీళ్లే!"

"రాగిబిందెలయి గద అత్తమ్మా" అంది గంగామణి. ఆమెకు ఇక్కడ ఏం జరుగుతోందో ఇంకా తెలియదు, అడిగినదానికి చెప్పింది, అంతే. "సుట్టాలకు ఇచ్చేటియి. ముందటి రాత్రి పోసి పెట్టినయి."

"ఇంటికొచ్చినోనికి అప్పుడే తోడిన నీళ్లు ఇస్తమా?" అంది శ్యామలమ్మ. "తేరినయి, సల్లటియి ఇస్తరు ఎవలన్న..." అని ఆగిపోయింది.

"రాగిల రాత్రంత ఉంటె పురుగు చస్తది పెద్దమ్మా. మా సారు చెప్పిండు." తుకారాం తల దించుకున్నాడు. "నేనే వచ్చి బాయిల కెల్లి పట్టాలె. నాదే తప్పు." ఆ తర్వాత సత్తవ్వ వైపు తిరిగాడు. "అక్కా, నువ్వు పంపుల పోసే చెంబు నీళ్లు ఏడియి?"

"తొట్టిలయి. బీడీల ఆకు నానేసేటియి." సత్తవ్వకు చెబుతూ చెబుతూనే అర్థమైంది. "కాలువయి... ఓ నా తల్లీ! అయే పట్టిచ్చిననా నీకు వారం వారం? నిన్న అంత నీళ్లు గుంజినంక గద నువ్వు సీస పట్టింది!"

తుకారాం మెల్లగా అడిగాడు. "బాయి పక్కన పాయిఖాన గుంత ఏమన్న ఉన్నదా పెద్దమ్మా?"

ఉంది. ఎండాకాలంలో శ్యామలమ్మే కట్టించింది, వాడ మొత్తంలో మొదటిది. చుట్టాలకు చూపించి మురిసింది. బావికీ దానికీ మధ్య జామచెట్టు ఒక్కటే అడ్డం. రాగిబిందె దేవుడి దీపం దగ్గర ఉండేది. అందులోవి చుట్టాలకు, పొద్దున్నే ముత్తన్నకు. సాయిలుకు మాత్రం బడి నుంచి ఉరికొచ్చినప్పుడల్లా బొక్కెనలోంచి అప్పటికప్పుడు ముంచి, సల్లగా తాగు నా బంగారమా అని తన చేత్తో తాగించింది. ఆ చేయి వైపు చూసుకుంది. ఇంతకాలం ఊళ్లో అందరినీ అనుమానించింది, పాలవాడి దగ్గర్నుంచి ఆడబిడ్డ దాకా. ఒక్క తనను తప్ప.

"అవ్వా..." అన్నాడు సాయిలు మళ్లీ.

శ్యామలమ్మ బల్ల మీది స్టీలు గిన్నె తీసుకుని గబగబా నడిచింది. కల్వర్టు దాటింది. పెళ్లయి వచ్చిన ఇన్నేళ్లలో నీళ్లకని ఆ కల్వర్టు దాటడం అదే మొదటిసారి. పంపు దగ్గరికి పోయి హ్యాండిల్ మీద చేయి వేయబోయింది.

"ఆగు." సత్తవ్వ వెనకే వచ్చింది. "చెయ్యి తియ్యి."

శ్యామలమ్మ చేయి తీసింది. గిన్నె పట్టుకుని పంపు కింద నిలబడింది, ఇన్నాళ్లూ సత్తవ్వ తన గచ్చు కింద నిలబడ్డట్టే. సత్తవ్వ కొట్టింది. మొదటి నీళ్లు మట్టిలోకే పోనిచ్చింది, చాలాసేపు పోనిచ్చింది. ఆ తర్వాత ధార గిన్నెలోకి పడింది. గిన్నె నిండేదాకా సత్తవ్వ ఆమె మొహంలోకి చూడలేదు. ఒక్కసారి చూస్తే బాగుండునని శ్యామలమ్మకు అనిపించింది.

"పోరడు దూపకు ఏడుస్తున్నడు. పో" అంది సత్తవ్వ.

హోటల్ దగ్గర గంగామణి ఎదురొచ్చి గిన్నె అందుకుంది. నీళ్లను చూసింది, చంకలో పిల్లవాడిని చూసింది. తర్వాత అత్త మొహంలోకి చూసి, ఎప్పటిలాగే భయంభయంగా అడిగింది.

"కాగవెట్టనా అత్తమ్మా?"

శ్యామలమ్మ కోడలి చేతిలోంచి గిన్నె తీసుకుని, చిన్నయ్య పొయ్యి మీది చాయ గిన్నెను పక్కకు జరిపి, దాని స్థానంలో తానే పెట్టింది. పిల్లవాడు ఏడుస్తూనే ఉన్నాడు. నీళ్లు కళపెళా మరిగాయి.

"కాగినయి శ్యామలక్కా, సాలు" అన్నాడు చిన్నయ్య.

"ఇంకజర కాగనియ్యి" అంది శ్యామలమ్మ, గిన్నె మీది నుంచి కన్ను తీయకుండా.